తలుపు సగానికి కోశాను, లోపల అట్ట తప్ప ఏమీ లేదు

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పెద్దదే, కుదించి చెబుతాను. ఆవిడ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు. ఇంట్లో రెండున్నరేళ్ల బాబు, ఒక కుక్క. పని గది తలుపు వేస్తే బాబు బయట కూర్చుని తలుపు బాదుతూ ఏడుస్తాడు. తీసి ఉంచితే వాడూ కుక్కా ఇద్దరూ లోపలికొచ్చి ఒకరు కీబోర్డు మీద, ఒకరు వైర్ల మీద. తలుపుని అడ్డంగా రెండు రెక్కలు చేసి, కింది రెక్క మూసి పై రెక్క తెరిచి పెట్టుకునే డచ్ డోర్ సంగతి ఆవిడకి ఎక్కడో కనబడింది. వాడికి నేను కనిపిస్తాను, నా పని నేను చేసుకుంటాను, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నారు. భర్త మాత్రం "ఆ తలుపు జోలికి పోకు, అది గట్టి చెక్క కాదు" అన్నారట. ఆయన ఇంట్లో లేని ఒక ఆదివారం ఆవిడ తలుపు ఊడదీసి, రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టి, 80 అంగుళాల తలుపుని కొలిచి మరీ 40 దగ్గర కోసేశారు.

తర్వాతి సంగతి ఆవిడ మాటల్లోనే: "రంపం ఇంత తేలిగ్గా ఎలా దిగుతోందా అనుకున్నాను. రెండు ముక్కలూ విడిపోయాక చూస్తే లోపల తేనెపట్టులాంటి అట్ట! ఒక పక్క మాత్రం నాలుగు వేళ్ల వెడల్పు చెక్క కనిపిస్తోంది, మిగతాదంతా డొల్ల. కోసిన చోట పలక నొక్కితే లోపలికి పోతోంది. పైగా మధ్య బందు, అదే హింజ్, కూర్చునే గాడి సరిగ్గా కోత పక్కనే పడింది. పది రోజులుగా ఆ ముక్కలు గోడకి ఆనించి ఉన్నాయి. మా ఆయన ఒక్క మాట అనలేదు. వాటిని చూస్తారు, పక్కకి తప్పుకుని వెళ్లిపోతారు. తిట్టినా బాగుండేది. ఇవి పనికొస్తాయా, పారేసి కొత్త తలుపు కొనాలా? పనికొచ్చినా బాబుకి ప్రమాదం కాదు కదా? అన్నట్టు, ఎవరైనా వస్తే రాత్రి పడుకునే గది కూడా అదే."

అమ్మా, ముందు ఆ ముక్కల్ని పారేయకండి.

మీరు కోసింది ఫ్లష్ డోర్, అందులోనూ డొల్ల రకం. ఇంటి లోపలి గదులకి పెట్టే తేలికపాటి తలుపులు చాలావరకు ఇలాగే ఉంటాయి, మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. చుట్టూ అంగుళం, అంగుళంన్నర వెడల్పు చెక్క చట్రం, దానికి అటూ ఇటూ మూడు మిల్లీమీటర్ల పలక, మధ్యలో ఆ అట్ట. మొత్తం మందం సుమారు 35 మిల్లీమీటర్లు. అట్ట పని బరువు మోయడం కాదు, రెండు పలకలూ లోపలికి కుంగకుండా ఎడంగా నిలబెట్టడం. బలమంతా చట్రంలో, దానికి అతుక్కున్న పలకల్లో ఉంటుంది. మీ కోత వల్ల పై రెక్కకి అడుగు అంచు లేదు, కింది రెక్కకి నెత్తి అంచు లేదు. మూత లేని పెట్టెల్లా తయారయ్యాయి రెండూ. ఆ లేని అంచుని చెక్కతో మళ్లీ కట్టడమే మిగిలిన పనంతా.

ఒక పక్క కనిపించిన చెక్క తాళం దిమ్మ. హ్యాండిల్ బిగించడానికి ఆ చోట లోపల ఒక అడుగు, అడుగున్నర పొడవు దిమ్మ పెడతారు. హ్యాండిల్ మామూలుగా నేల నుంచి 36 అంగుళాల ఎత్తున ఉంటుంది కాబట్టి మీ రంపం దాని రంధ్రానికి నాలుగంగుళాల పైన, దిమ్మ మీదుగా పోయింది. ఇంకో నాలుగంగుళాలు కిందికి గీత గీసి ఉంటే రంధ్రం నడుమనుంచే పోయేది. ఇప్పుడు హ్యాండిల్ మొత్తం కింది రెక్కలో భద్రంగా ఉంది, ఉండాల్సిందీ అక్కడే. మీకు తెలియకుండానే ఒక మంచి పని జరిగిపోయింది.

ఈ రకం తలుపు 17వ శతాబ్దపు నెదర్లాండ్స్ పల్లె ఇళ్లలో బాగా వాడుకలో ఉండేది. పశువులు లోపలికి రాకూడదు, పిల్లలు బయటికి పోకూడదు, గాలీ వెలుతురూ మాత్రం రావాలి. ఇంచుమించు మీ కష్టమే, కాకపోతే తిరగేసి. బ్రిటన్‌లో దీన్నే గుర్రపుశాల తలుపు అంటారు. అయితే అవన్నీ గట్టి చెక్కతో చేసినవి, ఎక్కడ కోసినా లోపల చెక్కే ఉంటుంది. డొల్ల తలుపుని అలా చేయాలంటే సగం పని కోశాక మొదలవుతుంది. ఈ మాట మీకు ఎవరూ ముందు చెప్పలేదు.

ఇక జిగురు సీసా తీసేముందు ఒక్క విషయం తేల్చుకోండి. మీకు కావాల్సింది తలుపా, అడ్డా? ఉత్తరంలో రెండూ కలిసిపోయాయి. బాబుకి కనబడాలి అనేది ఒక కోరిక, పని ప్రశాంతంగా సాగాలి అనేది ఇంకోటి. పై రెక్క తెరిచి ఉంటే మీ కాల్‌లో అవతలి వాళ్లకి బాబు మాటలు, కుక్క మొరుగుడు అన్నీ వినిపిస్తాయి. మూస్తే మళ్లీ మొదటికే వస్తారు, పైగా డొల్ల తలుపు అసలే శబ్దాన్ని అంతంత మాత్రంగా ఆపుతుంది, నడుమ కోత పడ్డాక ఇంకా తక్కువ. ఇంకో సంగతి, కొందరు పిల్లలు అమ్మ కనబడితే కుదురుకుంటారు, కొందరు కనబడుతూ అందకపోతే రెట్టింపు ఏడుస్తారు. మీవాడు ఏ రకమో నాకు తెలీదు, మీకూ ఇంకా తెలీదు. గుమ్మం ఎలాగూ ఖాళీగానే ఉంది కదా, పిల్లల కోసం గుమ్మాల మధ్య బిగించే గేటు ఎవరినైనా అడిగి తెచ్చి ఒక వారం పెట్టి చూడండి. ఆ కోసిన ముక్కని మాత్రం అడ్డంగా నిలబెట్టకండి, వాడు తోస్తే మీద పడుతుంది.

ఆ వారం బాగానే గడిచిందనుకుందాం. అప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, ఈ ముక్కలనే బాగుచేసి రెండూ బిగించడం. ఓపిక కావాలి కానీ కష్టం కాదు. కోసిన అంచు నుంచి మూడంగుళాల లోతు వరకు అట్టని ఉలితో, గరిటెలాంటి పల్చటి రేకుతో గీకి తీసేయండి. పలక లోపలి ముఖానికి పాత జిగురు ముద్దలు అంటుకుని ఉంటాయి, అవీ పోవాలి, లేకపోతే కొత్త జిగురు పట్టదు. ఇప్పుడు రెండు పలకల మధ్య ఖాళీ ఎంతో నాలుగైదు చోట్ల కొలవండి. లెక్క ప్రకారం 29 మిల్లీమీటర్లు రావాలి, రాదు, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. బాగా ఎండిన, వంకర లేని చెక్క బద్దని ఆ మందానికి చీల్చి చిత్రిక పట్టించండి. చేత్తో నెడితే దూరాలి, సుత్తితో కొట్టాల్సి వస్తే మందం ఎక్కువైందని అర్థం, పలకలు ఉబ్బుతాయి. వదులుగా ఆడితే జిగురు ఏం చేస్తుంది పాపం. దిమ్మ ఉన్న వైపు బద్ద పొడవు అంతమేర తగ్గించుకోవాలి. పలకల లోపలి ముఖాలకి చెక్క జిగురు ధారాళంగా పూసి బద్దని నెట్టి, పైనా కిందా చదునైన రెండు చెక్కలు పెట్టి, ప్రతి ఆరంగుళాలకి ఒక క్లాంపు, అంటే మర తిప్పి నొక్కి పట్టే పట్టు, బిగించండి. ఆ చెక్కల కింద మైనపు కాగితం వేయడం మర్చిపోకండి, లేకపోతే అవీ తలుపులో భాగమైపోతాయి. ఒక రోజంతా కదపొద్దు. ఆరాక, పక్క అంచులోంచి ఈ కొత్త బద్దలోకి ఒక్కో పొడవాటి స్క్రూ, ముందు సన్నగా రంధ్రం వేసుకుని, దింపండి. ఎందుకంటే కోత వల్ల పక్క చెక్కల కొసలు రెండూ పలకల జిగురు మీద తప్ప దేని మీదా ఆధారపడి లేవు.

జిగురు పెట్టక ముందే నిర్ణయించుకోవాల్సినవి రెండున్నాయి, తర్వాత గుర్తొస్తే కష్టం. ఒకటి, కింది రెక్క మీద చిన్న అరలా పలక పెడతారా? డచ్ డోర్ బొమ్మల్లో చాలావాటికి ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది. పెడితే దాని మందం మేర పై రెక్క అడుగు కోయాలి, అంటే పై రెక్కలో దూర్చే బద్ద ఇంకా లోతుగా ఉండాలి. రెండేళ్ల పిల్లాడున్న ఇంట్లో నేనైతే ఇప్పుడే పెట్టను. వాడికి అది పట్టుకుని వేలాడే కొమ్మ, మీకు వేడి కప్పు పెట్టుకునే చోటు, ఈ రెండూ ఒకే చోట ఉండకూడదు. రెండోది, రెక్కల మధ్య సందు. రంపం తిన్న మూడు మిల్లీమీటర్లే సందుగా సరిపోతుంది, కానీ రాత్రి ఎవరైనా పడుకుంటే అందులోంచి గీతలాగా వెలుతురు పడుతుంది. ఒక సన్నటి బద్దని పై రెక్క అడుగు అంచుకి, తలుపు ఎటు తెరుచుకుంటుందో ఆ వైపు ముఖం మీద, కింది రెక్క మీదికి కాస్త దిగేలా కొట్టండి. అలా చేస్తే పై రెక్క ఒక్కటే తెరవొచ్చు, కింది రెక్క తెరిస్తే అది పైదాన్ని తనతో తోసుకొస్తుంది. పొరపాటున అవతలి వైపు కొట్టారో, పై రెక్క తెరిచినప్పుడల్లా కిందిది వెంట వస్తుంది, ఇంత కష్టపడిందీ దండగ.

బందులు ఇప్పుడు మూడున్నాయి, నాలుగు కావాలి. పైదీ కిందిదీ ఉన్నచోటే ఉంటాయి, మధ్యది తీసేసి, కోతకి ఐదంగుళాలు పైన ఒకటి, ఐదంగుళాలు కింద ఒకటి. పాత గాడిలో చెక్క ముక్క జిగురుతో అతికించి నున్నగా చేస్తే కనబడదు. పక్క చెక్క తలుపు పొడవునా ఉంటుంది కాబట్టి కొత్త బందులకి స్క్రూ ఎక్కడైనా పడుతుంది, ఆ భయం వద్దు. భయపడాల్సింది వరస గురించి. నాలుగు బందుల ఇరుసులూ ఒకే నిలువు గీతలో లేకపోతే ఒక రెక్క ముందుకి, ఒకటి వెనక్కి నిలబడతాయి. నేను మొదటిసారి చేసినప్పుడు రెండు రెక్కల్నీ విడివిడిగా బిగించి, మూసి చూసుకుంటే రెండింటికీ నాలుగు మిల్లీమీటర్ల తేడా, ఇప్పటికీ ఆ తలుపు దగ్గరికి వెళ్తే కళ్లు దించుకుంటాను. అలా కాకుండా, రెండు రెక్కల్నీ నేల మీద పరిచి, మధ్యలో మూడు మిల్లీమీటర్ల అట్టముక్కలు పెట్టి, రెండింటికీ కలిపి నిలువుగా రెండు తిన్నటి బద్దల్ని క్లాంపులతో బిగించండి. ఇప్పుడది మళ్లీ ఒకే తలుపు. అలాగే గుమ్మానికి బిగించి, నాలుగు బందులూ సరిగ్గా కూర్చున్నాకే ఆ బద్దలు తీయండి.

ఇక గడియలు. కింది రెక్కకి పాత హ్యాండిల్ ఉంది. పై రెక్కకి, రెండింటినీ కలిపి పట్టే ఒక చిన్న గడియ గది లోపలి వైపు పెడితే, వేసినప్పుడు రెండూ ఒకే తలుపులా తెరుచుకుంటాయి. పై రెక్క తెరిచినప్పుడు దాన్ని గోడకి కొక్కెంతో తగిలించాల్సిందే. ఇది అలంకారం కాదు. దాని కింది మూల 40 అంగుళాల ఎత్తున గాలిలో ఉంటుంది, వాడి బొమ్మ తీయడానికి వంగి లేచేవాళ్ల తల సరిగ్గా దానికే తగులుతుంది.

రెండో దారి, కింది రెక్క ఒక్కటే బాగుచేసి బిగించి, పైదాన్ని అటక మీద పెట్టడం. పని సగమైపోతుంది, వరస గొడవ లేదు, సందు లేదు. గది రాత్రి పూట తెరిచి ఉంటుంది, అదే నష్టం, ఎవరైనా వచ్చినప్పుడు తెర కట్టాలి. బాబు పెద్దయ్యేదాకా రెండేళ్ల మాటే అనుకుంటే ఇది తెలివితక్కువ పనేమీ కాదు. పై రెక్క ఎప్పుడు కావాలంటే అప్పుడు బిగించుకోవచ్చు, గాడి కొలతలు మాత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి.

మూడోది, గట్టి చెక్క తలుపు కొని దాన్ని కోయడం. అరలు, బార్డర్లు, నడుమ గాడితో కలిసే అంచు, ఏది కావాలన్నా చేయొచ్చు, శబ్దం కూడా ఇంకాస్త తగ్గుతుంది. కానీ బరువు రెట్టింపు దాటొచ్చు, పాత బందులూ స్క్రూలూ చాలవు, గుమ్మం చెక్క గట్టిదేనా అని చూసుకోవాలి, ఒంటరిగా ఎత్తి బిగించలేరు. మీ ఇల్లు మీదే అని, ఈ తలుపు పదేళ్లు ఉంటుందని అనుకుంటేనే దీనికి దిగండి. పాత ముక్కలు అప్పుడు కూడా వృథా కావు, కోయడం, బందులు పెట్టడం వాటి మీద నేర్చుకుని అసలు దాని మీద చేయొచ్చు.

మీరు అడగలేదు కానీ, రెండు ముక్కల్నీ మళ్లీ అతికించి ఏమీ జరగనట్టు నిలబెట్టే ఆలోచన వస్తే మానుకోండి. తలుపు వేసిన ప్రతిసారీ అతుకు దగ్గర ఊగుతుంది. మొత్తం తలుపే కావాలనిపిస్తే అలాంటిదే ఇంకోటి కొనడం తేలిక.

బాబు సంగతికొస్తాను. 40 అంగుళాల నున్నటి పలకని ఆ వయసు పిల్లాడు ఎక్కలేడు, స్టూలు లాక్కొస్తే తప్ప. కాబట్టి దగ్గర్లో స్టూళ్లుంచకండి, కింది రెక్కకి అందం కోసం అడ్డబద్దలు కొట్టకండి, అవి మెట్లవుతాయి. అసలు చూడాల్సింది వేలాడటం. బాగుచేసిన కింది రెక్క బరువు ఏడెనిమిది కిలోలు ఉంటుందేమో, అది తన పై బందుని గుంజే బలం నాలుగైదు కిలోలే. అదే పదమూడు కిలోల పిల్లాడు హ్యాండిల్ వైపు అంచు పట్టుకుని కాళ్లు పైకి లేపితే, ఆ ఒక్క బందు మీద వాడి బరువుని మించిన లాగుడు అదనంగా పడుతుంది, బందుకి వాడు దూరం కాబట్టి. అందుకే కింది రెక్క పై బందుకి గుమ్మం వైపు స్క్రూలు పొడవువి వేయండి, గుమ్మాన్ని దాటి గోడలోని గట్టి ఆధారంలోకి దిగేవి. వాడు ఒకసారి ఊగితే రెండోసారి ఊగకుండా చూడటం మీ పని, మొదటిసారి ఊడిపోకుండా చూడటం స్క్రూల పని.

వేళ్లు నలిగేది రెండు చోట్ల: బందుల వైపు సందులో, పై రెక్క వచ్చి మూసుకునే అంచు దగ్గర. మొదటిదానికి మెత్తటి ప్లాస్టిక్ తొడుగులు దొరుకుతాయి. రెండోదానికి ఆ కొక్కెమే మందు, వాడు మెలకువగా ఉన్నంతసేపు పై రెక్క గోడకే ఉండాలి. ఇంకోటి, హ్యాండిల్ కిందికి నొక్కేది అయితే రెండున్నరేళ్ల వాడికి అందుతుంది, నొక్కుతాడు. గుండ్రంగా తిప్పేది పెట్టండి. ఏ గడియ పెట్టినా లోపలి నుంచీ బయటి నుంచీ పెద్దవాళ్లు వెంటనే తీయగలగాలి. కుక్క గోళ్లకి మూడు మిల్లీమీటర్ల పలక ఎన్నాళ్లు ఆగుతుందో చూడాలి, అడుగున ఒక రేకు కొడితే పోతుంది.

ఇల్లు పాతదై తలుపు మీద పొరలు పొరలుగా పాత రంగులుంటే ఒక్క జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ పొడి చిన్నపిల్లలకి చాలా చెడ్డది. అలాంటిదాన్ని పొడిగా గీకడం, రుద్దడం ఇంట్లో పెట్టుకోవద్దు. ఇది చదివి రంపం తీయబోయే మిగతా వాళ్లకి కూడా ఒక మాట: మంటల్ని ఆపడానికి పెట్టిన తలుపైతే, దాని అంచు మీద మామూలుగా లేబుల్ ఉంటుంది, దాన్ని కోయకండి.

మీ ఆయన మౌనం గురించి. ఆయన అన్న మాట నిజమే కదా, అది గట్టి చెక్క కాదు. ఆ ఒక్క ముక్క మీరు ఇంతవరకు ఆయనతో అన్నట్టు ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. అనొచ్చు, లేదా ఏమీ అనకుండా ముక్కలు బాగుచేసి బిగించి చూపించొచ్చు. రెండోది మీకు ఊరటగా ఉంటుందేమో గానీ, పని నడుమ ఏదైనా తేడా వస్తే పది రోజుల మౌనం నెలవుతుంది. ఇంకో దారి కూడా ఉంది. ఈ పనిలో ఇద్దరు మనుషులు తప్పనిసరి అయ్యే చోట్లు రెండున్నాయి. జిగురు ఆరకముందే క్లాంపులన్నీ బిగించాలి, అప్పుడు ఒకరు పట్టుకుంటే ఒకరు బిగిస్తారు. రెక్కల్ని గుమ్మానికి ఎత్తి పట్టినప్పుడు ఇంకో మనిషి లేకపోతే స్క్రూ వేయలేరు. ఏ దారి ఎంచుకోవాలో ఆయన్ని కూడా అడిగితే, రాత్రి వెలుతురు సందు గురించి, చుట్టాలు పడుకునే గది గురించి ఆయనకి ఏదైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే బయటికొస్తుంది, జిగురు ఆరాక కాకుండా. ఆయన కొత్త తలుపే కావాలంటారేమో, అది కూడా ఒక దారే, పైన చెప్పాను.

ముందు ఆ గేటు సంగతి చూడండి. వారం తర్వాత బాబు ఏం చేశాడో రాయండి. ముక్కల్ని అప్పటిదాకా గోడకి ఆనించి నిలబెట్టకుండా, నేల మీద చదునుగా పడుకోబెట్టండి, అలాగే ఏటవాలుగా ఉంచితే పలకలు వంకరపోతాయి, వంకరపోయిన దాంట్లోకి బద్ద దూరదు.